తునికాకు గుడ్డలో ఫోన్

కొత్త ఫోన్ కోరుట్లకు దుబాయ్ పెట్టెలో వచ్చింది, రెండు తువ్వాళ్ల మధ్య, ఖర్జూరం పొట్లాల పక్కన. తెచ్చినవాడు వీధి చివరి ఇంటి ప్రభాకర్. సెలవు మీద వచ్చేటప్పుడు ఎవరెవరి సామానో మోసుకురావడం ఆ వీధి నుంచి దుబాయ్ వెళ్లిన వాళ్లందరికీ మామూలే. అది మన దేశంలో అమ్మని ఫోన్ అనీ, దాన్ని తెప్పించుకోవడానికి రాధిక చాలా నెలలు తిప్పలు పడిందనీ అతనికి తెలియదు. డబ్బా ఇచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇల్లంతా చుట్టూ చేరి కూర్చుంది. ఇల్లంతా అంటే రాధిక, భర్త అక్షయ్, అత్త ఇంద్రమ్మ, అప్పుడప్పుడే నడక నేర్చిన మోక్షిత. రాధిక ఫోన్ బయటికి తీసింది. ఆన్ చేయలేదు. తిరగేసి, మూలన బొటనవేలి గోరు దూర్చి వెనక మూతను పైకి లాగింది. అది టప్పున ఊడి ఒళ్లో పడింది.

"అయ్యో! కొత్తదాన్ని అప్పుడే పలగ్గొడ్తివా?" అంది ఇంద్రమ్మ.

"పలగలే అత్తమ్మా. ఇది గిట్లనే విప్పొస్తది."

"విప్పొచ్చేదాన్ని ఎవలన్న కొంటరా? ఎన్కట డబ్బా ఫోన్లు గట్లుండె."

"గదే నేను మొత్తుకున్నది, అవ్వా," అన్నాడు అక్షయ్. "గన్ని పైసలు పెట్టి నీ కోడలు ఎన్కటి ఫోన్ తెప్పించుకున్నది."

రాధిక నవ్వి, బ్యాటరీని ఊడదీసి అత్త అరచేతిలో పెట్టింది. రాధికకు కావలసింది అదే. ఆ ఇంట్లో ఎవరి చేతికైనా ఊడి రావలసిన ముక్క అది.

రాధికకు భయం ఎక్కువని ఇంట్లో అందరికీ తెలుసు. ఇంట్లో థర్మామీటర్లు రెండు ఉంటాయి. ఒకటి తప్పు చూపిస్తే రెండోది పట్టిస్తుందని. జగిత్యాలలో తాగునీటిని పరీక్షించే ల్యాబులో పని. బీర్పూర్ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, ఏ ఊరి ట్యాంకులో క్లోరిన్ ఎంత అని రోజంతా కొలుస్తుంది. కొలిస్తే భయం సగానికి దిగుతుందని ఆమె అనుభవం. కొలవడానికి వీల్లేని భయాలతోనే ఆమెకు చిక్కు.

అలాంటి భయం కిందటి వానాకాలంలో పట్టుకుంది. మోక్షితకు ఇంకా ఏడాది నిండలేదు. మధ్యాహ్నం ఒళ్లు కాలిపోయేంత జ్వరం వచ్చి, కళ్లు పైకి తేలేసి, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. ఇంద్రమ్మ పిల్లను భుజాన వేసుకుని ఫోన్ పట్టుకుంటే అది చచ్చి ఉంది. లోపలి బ్యాటరీ పూరీలా ఉబ్బి, పొద్దున్నుంచే అద్దం ఒక పక్క లేచింది, ఎవరూ గమనించలేదు. ఆమె చెప్పుల్లేకుండా ఆసుపత్రికి ఉరికింది. డాక్టరు చూసేసరికి పిల్ల తేరుకుంది. రాధికకు మాత్రం ఆ సంగతి సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చాకే తెలిసింది. తన బిడ్డ ఆసుపత్రిలో ఉన్నంతసేపూ తాను జగిత్యాలలో ఎవరి ఊరి నీళ్లనో కొలుస్తూ, పక్క టేబులు మీది లావణ్యతో జోకులు వేసుకుంటూ ఉందన్న మాట ఆమెకు మింగుడుపడలేదు.

పిల్లల డాక్టరు ధైర్యం చెప్పాడు. జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలామంది పిల్లల్లో వయసుతోపాటు పోతాయన్నాడు. మళ్లీ వస్తే కాళ్లూ చేతులూ ఎట్లా కొట్టుకున్నాయో ఫోన్‌లో వీడియో తీసి చూపించమన్నాడు. చచ్చిన ఫోన్‌నేమో బస్టాండు దగ్గర బాగుచేసే సతీశ్ చేతిలో పెడితే, అతను చెవి దగ్గర ఊపి తిరిగి ఇచ్చేశాడు.

"అంతా జిగురుతోని అతికిచ్చిండ్రక్కా. వేడి పెట్టి తీస్తే అద్దం పోతది. అద్దం ఏస్తే బోర్డు ఎట్లుంటదో తెల్వది. కొత్తది తీస్కో."

ఆ రోజు రాధిక భర్తతో ఒక మాట అంది. "ఇంకొక్కసారి ఇల్లు నాకు అందకుంటయితే, కొలువు మానేస్త. ఇంట్ల కూసుంట."

మాట అన్నది గానీ, మానేయడం ఆమెకు చిన్న సంగతి కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన మొదటి మనిషి వాళ్లింట్లో ఆమే. పొద్దున్నే ఆ తెల్లకోటు తొడుక్కుంటే ఆమె భుజాలు నిటారుగా అవుతాయి. అందుకే కొలువు నిలబెట్టుకోవడానికి ఏ ఫోన్ కావాలో వెతకడం మొదలుపెట్టింది.

అక్షయ్ మోటారు సైకిళ్ల షోరూములో అమ్మకాలు చూస్తాడు. ప్రపంచంలో ప్రతి సమస్యకూ అతని దగ్గర ఒక కొత్త మోడలు ఉంటుంది.

"గదే ధరకు ఇక్కడ షోరూముల మంచి ఫోనొస్తది. కెమెరా దీనికంటే మస్తుగుంటది. నీళ్లల్ల పడ్డా ఏం గాదు. రెండేండ్లకు పాతదిచ్చి ఇంకోటి తెచ్చుకోవచ్చు. నువ్వు చెప్పేది బరువు, మందం, దానికి ఊర్లె దుకాణం గూడ లేదు. పోనీ అవ్వకు బటన్ ఫోన్ కొందాం, అయిపోతది."

"బటన్ ఫోన్‌ల పిల్ల కాళ్లు చేతులు ఎట్ల కొట్టుకుంటున్నయో కనవడుతయా?"

"కనవడయి."

"ల్యాబుల మా మిషన్ల దీపం పోతే దీపమే మారుస్తం. గంత మిషన్‌ను పారేస్తమా? ఈ ఫోన్ గూడ గంతే. దేనికది ఊడొస్తది. ఇంకో రెండు బ్యాటరీలు నింపి గూట్ల పెడుత. కరెంటు పోనీ, బ్యాటరీ పోనీ, అత్తమ్మ మార్చుకుంటది."

అక్షయ్ చెప్పిన లోపాలన్నీ నిజమేనని ఆమెకు తెలుసు. కెమెరా సాదాసీదా అని చదివింది. మూత గోరుతో ఊడుతుంది కాబట్టి తడీ దుమ్మూ ఆపడంలో అతికించిన ఫోన్లంత గట్టిది కాదని కూడా చదివింది. ఇక్కడి సిగ్నళ్లన్నీ అందుకోదని, గ్యారంటీ మన దేశంలో చెల్లదని చదివింది. అన్నీ చదివే అదే కావాలంది. దానికి ఇంకో కారణం ఉంది. దాన్ని చాలాకాలం ఆమె ఎవరికీ చెప్పలేదు.

రాధిక పుట్టి పెరిగింది సిరిసిల్లలో, సాంచాల మధ్య. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. తండ్రి దేవయ్య సాంచాలు నడిపేవాడు, తల్లి బీడీలు చేసేది. రాధిక బడి నుంచి వచ్చి, సాంచాలో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేది. అవి అయ్యాక తల్లి చాట ముందు కూర్చుని బీడీల మూతులు ముడిచేది. చిన్న వేళ్లకు ఆ పని చక్కగా కుదురుతుందని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె తెలుగు వాచకం మాత్రం ఏడాది పొడవునా తంబాకు వాసన వేసేది. కార్ఖానాలో కట్టలు తీసుకునేవాడు బీడీ సన్నమైందా, లావైందా అని చూసేవాడే గానీ, ఆ మూతులు ఎవరి వేళ్లు ముడిచాయని ఒక్కనాడూ అడగలేదు.

ఫోన్ బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ కొన్ని దేశాల్లో పిల్లలు గుంతల్లో దిగి ఏరి తెచ్చినది కూడా ఉంటుందని చదివినప్పుడు ఆమెకు ఆ వాసనే ముక్కుకు తగిలింది. ఆ లోహం ఎవరి చేతుల మీదుగా వచ్చిందని అడుగుతామన్న కంపెనీగా ఈ ఫోన్ చేసేవాళ్లు కనపడ్డారు. ఎక్కడి నుంచి వచ్చాయో తాము ఇంకా కనుక్కోలేని ముక్కలు ఎన్ని ఉన్నాయో కూడా వాళ్లే రాసుకున్నారు. ఆమెకు నమ్మకం కలిగింది అక్కడే. అంతా శుద్ధం అని రాసి తెచ్చే రిపోర్టును ఆమె ల్యాబులో కూడా రెండోసారి పరీక్షకు పెడుతుంది.

ఆ సంగతి ఒకనాడు అత్తకు చెప్పింది. ఇంద్రమ్మ చాట ఒళ్లో పెట్టుకుని, తంబాకు చల్లి, ఆకు చుడుతూ విన్నది. విని, దారం పళ్లతో తెంపింది.

"మా అక్షయ్ గూడ మూతులు ముడిశెటోడు. ఏం, సచ్చిండా?"

"సావలే అత్తమ్మా. లెక్కల్ల ఫెయిలైండు."

ఇంద్రమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ వెంటనే సూటిగా అడిగింది. "మరి మనం జేశే బీడీలు తాగి దగ్గెటోల్ల సంగతేంది? గా ఫోన్ మంచిదైతే గీ బీడీ మంచిదైతదా?"

రాధిక దారం ఉండ తీసి అత్తకు అందించింది. "దానికి నా దగ్గర జవాబు లేదత్తమ్మా. దీనికున్నది. ఉన్నకాడికి జేస్త."

సిరిసిల్లకు పోయినప్పుడు తండ్రికి కూడా చెప్పింది. దేవయ్య సాంచా ఎప్పుడో భివండిలో ఎవరో వాడి వదిలేసినది. ఆయన చేతికి వచ్చాక కూడా దాని ముక్కలు మారుతూనే ఉన్నాయి. కూతురు చెప్పిందంతా విని ఆయన ఒక్కటే అడిగాడు.

"ముక్కలు దొరుకుతయా బిడ్డా?"

"దొరుకుతయి బాపూ. ఏండ్ల పాటు అమ్ముతమని కంపెనీ మాటిచ్చింది."

"కంపెనోడు అమ్ముతడు. సిరిసిల్లల దొరుకుతయా అంటున్న."

"సిరిసిల్లల దొరకయి. దుబాయ్ పెట్టెల రావాలె."

"అయితే ఓపిక గూడ కొనుక్కో," అన్నాడు దేవయ్య.

అట్లా తెలిసే తెచ్చుకున్న ఫోన్ అది. వచ్చిన వారమే రాధిక అత్తకు బ్యాటరీ మార్చడం నేర్పడానికి కూర్చుంది. ఇంద్రమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నాకెందుకే తల్లీ. ఇరిగితే నామీదికొస్తది."

"ఇరగదు. ఇగో, గోరు పెట్టు. మీదికి గుంజు."

మూత ఊడింది. ఇంద్రమ్మ లోపల పడుకుని ఉన్న బ్యాటరీని వంగి చూసింది. పెళ్లయిన కొత్తలో ఆమె కూడా కండెలు చుట్టిన మనిషే. కోరుట్లలో అప్పుడు మగ్గాలు ఆడుతుండేవి.

"నాడెల కండె అయిపోతే ఖాళీది తీశి నిండుది పెడుతం. గంతేనా?"

"గంతే అత్తమ్మా!"

"గది ముందుగాల జెప్పద్దా! ఎమ్మెస్సీ సదివి మాటలు సాగదీస్తవు."

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బ్యాటరీ పేరు కండె. నింపిన ఇంకో రెండు కండెలు గూట్లో, బీడీ దారం ఉండల పక్కన ఉండేవి. కరెంటు పోయిన రోజు ఇంద్రమ్మ ఒకటి మార్చి, మార్చానని చెప్పడానికే కోడలికి ఫోన్ చేసేది. చదువు రాదు కాబట్టి రాధిక ఫొటో మీద వేలు పెట్టేది. చలికాలమంతా, ఎండాకాలం మొదలంతా ఇల్లు ఒక్కనాడు కూడా రాధికకు అందకుండా పోలేదు. వాన పడితే పాలిథిన్ సంచిలో పెట్టమని, నీళ్ల బిందె దగ్గర పెట్టొద్దని అత్తకు చెప్పింది. తన జాగ్రత్తలన్నీ చెప్పేశాననే అనుకుంది.

నడి ఎండల్లో ఒక మధ్యాహ్నం ల్యాబు నుంచి ఇంటికి చేస్తే ఫోన్ స్విచ్ ఆఫ్ వచ్చింది. మళ్లీ చేసింది. అదే. అక్షయ్ కొత్త బండ్లు తేవడానికి నిజామాబాద్ వెళ్లాడు. ప్రభాకర్ భార్య మంజులకు చేస్తే ఆమె కోనరావుపేటలో పుట్టింట్లో ఉంది. రాధిక తెల్లకోటు విప్పింది.

"లావణ్యా, ఈ శాంపిల్స్ జర నువ్వు చూడు. నేను పోతున్న."

"ఏమైందే?"

"తెల్వది. గదే పరేషాన్."

బస్సు మేడిపల్లి దాటేదాకా ఆమె చేస్తూనే ఉంది. ఆ తర్వాత ఫోన్ సంచిలో పడేసి కిటికీ చువ్వ పట్టుకుంది. మాట మాటే, రేపే వచ్చి రాజీనామా ఇచ్చేస్తా అనుకుంది. చాలా ఏళ్ల తర్వాత ఆమె వేళ్లకు తెల్లకోటు గుండీలు కాక బీడీ ఆకు అంచు గుర్తొచ్చింది.

ఇంటి తలుపు తీసే ఉంది. మోక్షిత చీర ఊయలలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఇంద్రమ్మ ఫ్యాన్ కింద బీడీలు చుడుతోంది.

"ఏందే, గింత జల్ది అస్తివి? సెలవిచ్చిండ్రా?"

రాధిక పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది.

"ఫోనేది అత్తమ్మా?"

"ఆకు మూటల పెట్టిన. సల్లగ పండుకున్నది."

బీడీలకు కత్తిరించిన తునికాకు ఎండకు పెళుసుబారకుండా తడిగుడ్డలో చుట్టి మూట కడతారు. ఇంద్రమ్మ చేతులకు అది చిన్నప్పటి అలవాటు. ఫోన్ పొద్దున పెనంలా కాలిందట. అద్దం మీద ఏదో ఎర్రగా వచ్చిందట. పాపం, ఎండకు తట్టుకోలేకపోతోందని ఆమె దాన్ని ఆకుతోపాటు తడిగుడ్డలో చుట్టింది. మధ్యలో ఒకసారి గుడ్డ ఆరిపోతే మళ్లీ నీళ్లు కూడా చిలకరించింది.

రాధిక మూట విప్పింది. ఫోన్ వెనక మూత తీస్తే లోపలి అంచుల్లో సన్నగా చెమటలా నీళ్లు. కోడలి ముఖం చూసి ఇంద్రమ్మ లేచి నిలబడింది. ఒళ్లోని చాట జారి తంబాకు నేల మీద చిమ్మింది. ఆమె దాన్ని ఎత్తలేదు.

"నీళ్లల్ల ఏయొద్దన్నవు. నేను నీళ్లల్ల ఏయలే బిడ్డా. ఆకు గూడ పాడైతదని నీళ్లల్ల ఏస్తమా, గుడ్డల సుడుతం గని..."

రాధికకు కోపం నోటిదాకా వచ్చింది. కానీ ఎవరి మీద? తాను వానను, బిందెను లెక్కలో పెట్టుకుంది. ఈ ఇంట్లో రోజూ కళ్ల ముందు ఉండే తడిగుడ్డను పెట్టుకోలేదు. పైగా తడిగుడ్డలో పెట్టడమంటే ఈ ఇంట్లో అపురూపంగా చూసుకోవడమే.

"ఇగ కొలువు మానేస్తవా?" అంది ఇంద్రమ్మ. "నాతోని నీ కొలువు పోయేటట్టున్నది."

"ఆగు అత్తమ్మా. ఏ ముక్క పోయిందో సూద్దాం. అటెన్క చెప్త."

ఆమె చాప పరిచి ఫోన్ విప్పింది. చిన్న స్క్రూడ్రైవరు డబ్బాలోనే వచ్చింది. ఒక్కొక్క ముక్కా తీసి పొడిబట్ట మీద వరుసగా పెట్టింది. బియ్యంలో పెడదామంది ఇంద్రమ్మ. బియ్యం అన్నానికే పనికొస్తుందని చెప్పి, బూట్ల డబ్బాల్లోంచి దాచిన తేమ పీల్చే పొట్లాలన్నీ ఒక డబ్బాలో పోసి, ముక్కలను వాటి మధ్య మూత పెట్టింది. మర్నాడు సెలవు పెట్టి, సాయంత్రం బిగించి చూసింది. గూట్లోని పొడి కండె పెడితే ఫోన్ వెలిగింది. మాట వినిపించింది, కెమెరా పనిచేసింది. చార్జింగ్ వైరు పెడితే మాత్రం ఉలకలేదు, పలకలేదు. వైరు దూర్చే పోర్టు చుట్టూ ఆకుపచ్చగా చిలుము పట్టింది.

"నేను చెప్పలే?" అన్నాడు అక్షయ్. "జిగురుతోని అతికిచ్చిందైతే నీళ్లు లోపలికి పోకపోతుండె."

"నిజమే, పోకపోతుండె," అంది రాధిక. "పాత ఫోన్‌ల కూడా నీళ్లు పోలే. అయినా సచ్చింది. ఎందుకు సచ్చిందో చూద్దామంటే విప్పరాలే. దీంట్ల ఏది పోయిందో తెల్సింది. గీ గోరంత ముక్క. అదే తెప్పిస్త."

"అదొచ్చేదాక?"

ఆ ముక్కను మోసుకొచ్చే మనిషి దుబాయ్ నుంచి బయల్దేరడానికి ఇంకా కొన్ని వారాల సమయం ఉంది. ఓపిక కూడా కొనుక్కోమన్న తండ్రి మాట గుర్తొచ్చి, తిక్కరేగి, ఫోనూ, మూడు కండెలూ సంచిలో వేసుకుని సతీశ్ దుకాణానికి నడిచింది.

సతీశ్ ఫోన్‌ను తిప్పి చూసి, మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాడు.

"అక్కా, గిసోంటి ఫోన్లు అందరు కొంటే నా దుకాణం మూసుడే. జిగురు లేకపోతే నేనెట్ల బతుకుడు?"

"నీ బతుకు సంగతి తర్వాత. ఫోన్‌తోని పని లేకుండ ఉత్త బ్యాటరీని నింపవస్తదా?"

సతీశ్ సొరుగంతా కెలికి, దుమ్ము కొట్టుకుపోయిన ఒక చార్జరు తీశాడు. రెండు పిన్నులు అటూ ఇటూ జరిపి ఏ బ్యాటరీకైనా తగిలించే రకం. డబ్బా ఫోన్ల కాలంలో ప్రతి దుకాణంలోనూ ఉండేది. రాధిక దాని వెనక రాసిన ఓల్టేజీ చదివింది. తన బ్యాటరీ మీద రాసింది చదివింది. చార్జరు నింపేది కొంచెం తక్కువే. ఎక్కువైతే ప్రమాదం, తక్కువైతే బ్యాటరీ కాస్త ముందు అయిపోతుంది, అంతే. అయినా తగిలించాక అక్కడే నిలబడి, మధ్యమధ్య చేతి వెనకభాగంతో బ్యాటరీ వేడి చూసింది.

"నన్ను నమ్మవా అక్కా?" అన్నాడు సతీశ్.

"నిన్ను నమ్ముత. బ్యాటరీని సూస్తున్న."

అట్లా ఒక కండె సతీశ్ కళ్ల ముందు నిండుతుంటే, ఇంకోటి ఫోన్‌లో నడిచేది, మూడోది నిండుగా గూట్లో ఉండేది. పొద్దున బస్సు ఎక్కే ముందు ఖాళీది ఇచ్చి, సాయంత్రం దిగాక నిండుది తీసుకుని ఇంటికి పోవడం రాధికకు పాల ప్యాకెట్ తెచ్చినంత మామూలైంది. "మాన్తున్నవా, లేదా?" అని ఇంద్రమ్మ అడగలేదు. అడిగితే ఏం వినవలసి వస్తుందోనని ఆమె భయం. రాధిక కూడా చెప్పలేదు. పోర్టు ముక్క వచ్చేదాకా చూద్దామనుకుంది. ఫోన్ గచ్చు మీద నీడలో ఉండేది. ఆకు మూట ఇంకో గదిలోకి మారిపోయింది.

తొలకరి పడ్డ వారంలో, ఒక మధ్యాహ్నం, ల్యాబులో రాధిక ఫోన్ మోగింది. వీడియో. తెర నిండా ఇంద్రమ్మ చెవి, చెవికమ్మ.

"రాధికా, పిల్ల కాలుతున్నది."

"అత్తమ్మా, ఫోన్ పిల్ల దిక్కు తిప్పు. నీ చెవి కనవడుతున్నది."

తెర ఊగి, పైకప్పు, ఫ్యాన్, మోక్షిత పాదం కనిపించాయి. పిల్ల ఏడుస్తోంది. కాళ్లు ముడుచుకుని ఉన్నాయి గానీ కొట్టుకోవడం లేదు. చేతులు చూపించమని రాధిక చెప్పబోతుండగా తెర నల్లబడింది.

లావణ్య పక్కకు వచ్చింది. "ఫోన్ బందైందా? నా స్కూటీ ఉన్నది. బస్టాండుకు దించుతా, పా."

రాధిక సంచి భుజానికి వేసుకుంది. రెండడుగులు వేసి ఆగింది. ఇంట్లో ఇప్పుడు ఏం జరుగుతుందో ఆమె కళ్లకు కట్టినట్టు కనిపించింది. గూటి దగ్గరికి నడక. గోరు మూల సందులో. మూత ఊడటం. ఖాళీది బయటికి, నిండుది లోపలికి. ఆ తర్వాత ఫోన్ లేవాలి. ఆ ఫోన్ లేవడం కూడా తీరుబడిగానే. దాని లోపాల్లో అదొకటి.

"రాధికా, బస్సు పోతది."

"ఒక్క నిమిషం."

"నీ మొకం చూసుకున్నవా? తెల్లగైంది."

"కానీ. ఒక్క నిమిషం."

ఫోన్ మోగింది. ఈసారి చెవి లేదు. మోక్షిత ముఖం తెర నిండా, ముక్కు కారుతూ, కోపంగా.

"కండె అయిపోయిండె," అంది ఇంద్రమ్మ గొంతు పక్క నుంచి. "మార్చిన. ఇగో, చేతులు సూడు. కొట్టుకుంటలేవు. కండ్లు సూడు. నన్నే సూస్తున్నది."

రాధిక చూసింది. చేతులు, కళ్లు, పెదవుల రంగు, ఊపిరి. థర్మామీటరు పెట్టించింది. డాక్టరు చెప్పిన కొలతకు సిరప్ పోయించింది. పిల్ల ఉమ్మేస్తే ఎంత ఉమ్మిందో చూపించమంది. పిల్ల ఒంటి మీది గౌను తీసేయించింది.

"ఇగ గోరువెచ్చటి నీళ్లల్ల గుడ్డ తడిపి తుడువు, అత్తమ్మా."

ఇంద్రమ్మ చేతిలో గుడ్డతో తెర వైపు తిరిగింది.

"దేన్ని? పిల్లనా, ఫోన్‌నా?"

లావణ్య పకపకా నవ్వింది. రాధికకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఫోన్‌ను గోడకు ఆనించి పెట్టమని అత్తకు చెప్పి, తన ఫోన్‌ను టేబులు మీద గాజు కుప్పెలకు ఆనించి పెట్టుకుంది. తెరలో ఇంద్రమ్మ పిల్లను ఒళ్లో వేసుకుని తుడుస్తూ కూర్చుంది. సంచి భుజం నుంచి ఎప్పుడు దించిందో రాధికకే తెలియదు. కాసేపటికి మోక్షిత ఏడుపు తగ్గి నిద్రలోకి జారింది. జ్వరం దిగుతోందని థర్మామీటరు చూపించింది. రెండో థర్మామీటరు కూడా.

ఆమె మధ్యాహ్నం బస్సు ఎక్కలేదు. బీర్పూర్ శాంపిల్ సగంలో ఉంది. దాన్ని పూర్తిచేసి, అంకె రాసి, రోజూ ఎక్కే బస్సే ఎక్కింది. సతీశ్ దగ్గర నిండిన కండె తీసుకుని ఇంటికి వచ్చేసరికి పిల్ల లేచి పాలు తాగుతోంది. అక్షయ్ ముందే వచ్చి ఉన్నాడు. తల్లి ఏం చేసిందో తల్లే రెండుసార్లు చెప్పగా విన్నట్టున్నాడు. పోర్టు ముక్క తెచ్చే మనిషి ఫోన్ నంబరు తనే కనుక్కుని పెట్టాడు.

ఇంద్రమ్మ బీడీ కట్టల మధ్య నుంచి ఖాళీ బ్యాటరీ తీసి కోడలి చేతిలో పెట్టింది. పెట్టి, చెయ్యి వెంటనే వదల్లేదు.

"మరి రేపు పోతవు గదా, కొలువుకు?"

"పోక? బీర్పూరోల్ల నీళ్లు ఇంకా ఉన్నయి."

"అయితే ఇగో, ఖాళీ కండె. పొద్దుగాల సతీశ్‌కిచ్చి పో. మర్శిపోతవు, సంచిల ఇప్పుడే ఏస్కో."